సి.వి.టి. కారు పదికాలాలు నడవాలంటే...

 

మన హాస్టళ్లలో చదువుకుని బయటికి వెళ్లినవారిలో డ్రైవింగునో, మోటారు మెకానిక్ పనినో బతుకుదెరువుగా చేసుకున్నవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఉద్యోగం వచ్చి, వంశంలోనే మొట్టమొదటి కారు కొన్నవారూ ఉంటారు. ఆ కారు చాలాసార్లు సెకండ్ హ్యాండ్‌దే అయి ఉంటుంది. వీరందరికీ ఇప్పుడు తరచుగా ఎదురయ్యేది ఆటోమేటిక్ గేర్‌బాక్సు. అందులోనూ సి.వి.టి. అనే రకం.

దీన్ని నడపడం సులువు. ఎడమ కాలికి పని లేదు. ఎడమ కాలిలో బలం తక్కువగా ఉన్నవారికి ఇలాంటి కారు ఒక వరం. కానీ మామూలు గేర్‌బాక్సు దగ్గర నేర్చుకున్న అలవాట్లు దీనికి సరిపోవు. పాడైతే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు చాలా కార్లకు లక్ష రూపాయలు దాటిపోతుంది. పాత కారు కొన్నవారికి అది కారు ధరలో పెద్ద భాగం. జీతానికి నడిపే డ్రైవరుకైతే “నీ డ్రైవింగు వల్లే పోయింది” అన్న మాట మిగులుతుంది. ఆ మాటకు మర్యాదగా, ధైర్యంగా జవాబు చెప్పాలంటే లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. అందుకే ఈ సంచికలో ఈ పాఠాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

సి.వి.టి. అంటే ఏమిటి?

కంటిన్యువస్‌లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్ అన్న పేరుకు పొట్టి రూపమే సి.వి.టి. అంటే మెట్లు మెట్లుగా కాకుండా ఆగకుండా మారుతూ ఉండే గేరు అని అర్థం. మామూలు గేర్‌బాక్సు మెట్ల దారి అనుకుంటే ఇది వాలు దారి. మెట్ల మీద ఒకటో మెట్టు, రెండో మెట్టు అని లెక్క ఉంటుంది. వాలు మీద ఎక్కడైనా నిలబడవచ్చు.

ఊళ్లో పిండి గిర్నీ చూసే ఉంటారు. మోటారుకు ఒక చక్రం, గిర్నీకి ఒక చక్రం, రెండింటినీ కలుపుతూ బెల్టు ఉంటాయి. సి.వి.టి.లో ఉన్నదీ అంతే. రెండు పుల్లీలు, ఒక బెల్టు. తేడా ఏమిటంటే ఇక్కడ ఒక్కో పుల్లీ రెండు ముక్కలుగా ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు గరాటుల్లాంటివి అవి. ఆ రెండు ముక్కలు దగ్గరికి జరిగితే మధ్యలో ఉన్న బెల్టు పైకి, అంటే అంచు వైపు వస్తుంది. దూరం జరిగితే బెల్టు లోపలికి, ఇరుసు వైపు దిగుతుంది. బెల్టు పొడవు మారదు కాబట్టి ఒక పుల్లీ మూసుకుంటుంటే రెండోది తెరుచుకోవాల్సిందే. ఈ కదలికే గేరు మార్పు.

స్కూటరులో బెల్టు రబ్బరుది. కారులో ఉక్కుది. నాణెం కన్నా కాస్త పెద్దవైన పలుచని ఉక్కు ముక్కలు సుమారు 400 ఒకదాని వెనుక ఒకటి పేర్చి, వాటిని రెండు పక్కలా సన్నటి ఉక్కు పట్టీలతో దండలాగా పట్టి ఉంచుతారు. గిర్నీ బెల్టు లాగుతుంది. ఈ ఉక్కు బెల్టు మాత్రం ఒక ముక్క ముందున్న ముక్కను తోస్తూ, నెట్టడం ద్వారా బలాన్ని అందిస్తుంది. కొన్ని కార్లలో బెల్టుకు బదులు గొలుసు ఉంటుంది. సూత్రం ఒక్కటే.

పుల్లీ ముక్కలను దగ్గరికి నొక్కి ఉంచేది ఆయిలు ఒత్తిడి. ఆ ఒత్తిడిని పుట్టించేది గేర్‌బాక్సులోని పంపు. పంపును తిప్పేది ఇంజను. ఈ మూడు వాక్యాలు గుర్తుపెట్టుకుంటే ముందు రాబోయే జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఒక చిన్న లెక్క

పదో తరగతి పిల్లలు కాగితం మీద వేసి చూడండి. ఇంజను వైపు పుల్లీ మీద బెల్టు 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో, చక్రాల వైపు పుల్లీ మీద 75 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకుందాం. నిష్పత్తి 75 ÷ 30 = 2.5. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే రెండో పుల్లీ 800 చుట్లు తిరుగుతుంది. వేగం తక్కువ, బలం ఎక్కువ. బండి కదిలేటప్పుడు కావలసింది ఇదే.

ఇప్పుడు తారుమారు చేద్దాం. ఇంజను వైపు 75, చక్రాల వైపు 30. నిష్పత్తి 0.4. అదే 2000 చుట్లకు రెండో పుల్లీ 5000 చుట్లు తిరుగుతుంది. ఇది హైవే మీద కావలసింది. ఈ రెండింటి మధ్య 2.4, 1.73, 0.91 ఏదైనా సాధ్యమే. అందుకే సి.వి.టి. కారులో గేరు మారిన కుదుపు తెలియదు. గట్టిగా రేస్ ఇస్తే ఇంజను శబ్దం ముందు పెరిగి, వేగం తర్వాత అందుకున్నట్టు ఉంటుంది. రబ్బరు లాగి వదిలినట్టు అనిపించే ఈ గుణం రోగం కాదు, దాని స్వభావం.

ఎక్కడ పుట్టింది?

నెదర్లాండ్స్ దేశపు హబ్ వాన్ డోర్న్ అనే ఇంజనీరు రబ్బరు బెల్టులతో ఈ పద్ధతిని కారుకు అమర్చాడు. 1958లో లోకానికి చూపించిన ఆ చిన్న కారు పేరు డాఫ్ 600. ఆ కార్లు ముందుకు ఎంత వేగంగా పోతాయో వెనక్కీ దాదాపు అంత వేగంగా పోగలిగేవి. దాంతో ఆ దేశంలో వాటితో రివర్సు పందేలు కూడా పెట్టారు! రబ్బరు బెల్టు పెద్ద ఇంజన్ల బలాన్ని తట్టుకోలేదు. ఉక్కు ముక్కల బెల్టు వచ్చాక 1987లో జపాన్‌లో సుబారు జస్టీ, అదే కాలంలో యూరప్‌లో ఫోర్డ్ ఫియస్టా, ఫియట్ ఊనో కార్లు ఈ గేర్‌బాక్సుతో మార్కెట్టుకు వచ్చాయి.

మన దేశంలో మధ్యతరగతి ఇళ్లకు సి.వి.టి.ని పరిచయం చేసింది కారు కాదు, స్కూటరు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా, ఆ తర్వాత 2001లో వచ్చిన హోండా యాక్టివా ఈ బెల్టు మీదే నడిచాయి. కాబట్టి మీలో చాలామంది ఇప్పటికే సి.వి.టి. నడిపినవారే.

మీ కారులో ఉన్నది ఏది?

‘ఆటోమేటిక్’ అని రాసి ఉన్న ప్రతి కారులోనూ సి.వి.టి. ఉండదు. ముందు ఇది తేల్చుకోవాలి.

1) ఎ.ఎం.టి.: ఇది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పని, గేరు వేసే పని యంత్రం చేస్తుంది. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైంది.

2) సి.వి.టి.: మనం చెప్పుకుంటున్నది. 2014 నుంచి వచ్చిన హోండా సిటీ, 2018 నుంచి వచ్చిన అమేజ్ కార్ల ఆటోమేటిక్ రకాల్లో ఇదే ఉంది. 2020 చివరిలో వచ్చిన నిస్సాన్ మాగ్నైట్ టర్బో ఆటోమేటిక్‌లో కూడా ఇదే. మారుతి బలేనోలో 2015 నుంచి సి.వి.టి. ఉండేది. 2022లో దాన్ని తీసి ఎ.ఎం.టి. పెట్టారు. పాత బలేనో కొనేవారు తయారైన సంవత్సరం చూసుకోవాలి. కియా సెల్టోస్, హ్యుండయ్ క్రెటాలలో ఐ.వి.టి. అన్న పేరుతో వచ్చిందీ ఈ జాతిదే.

3) ఇ-సి.వి.టి.: హైబ్రిడ్ కార్లలో వాడతారు. పేరు దగ్గరగా ఉన్నా దీనిలో పుల్లీలు, బెల్టు ఉండవు. పళ్ల చక్రాలు, కరెంటు మోటార్లు ఉంటాయి. ఈ పాఠం దానికి వర్తించదు.

మొదటి శత్రువు వేడి

సి.వి.టి.లో బలమంతా ఉక్కు పుల్లీకి, ఉక్కు బెల్టుకు మధ్య పట్టు మీద ఆధారపడి ఉంది. ఆ పట్టు ఒక్క క్షణం జారినా పుల్లీ మీద గీత పడుతుంది. గీత పడిన చోట బెల్టు ముక్కలు అరుగుతాయి. అరిగిన ఉక్కు పొడి ఆయిలులో కలిసి పంపుకూ, వాల్వులకూ చేరుతుంది. వాల్వు బిగుసుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే బెల్టు మళ్లీ జారుతుంది. ఇలా ఒకటి ఇంకొకదాన్ని పెంచుకుంటూ పోతుంది.

ఈ వరుసకు తలుపు తెరిచేది చాలాసార్లు వేడే. వేడికి ఆయిలు గుణం చెడుతుంది. ఎండాకాలంలో రామగుండంలోనో, విజయవాడలోనో 40 డిగ్రీలు దాటిన ఎండ, లోపల ఐదుగురు మనుషులు, ఏ.సి., ఆగుతూ కదిలే ట్రాఫిక్, వీటన్నింటి బరువూ చివరికి ఆ కొద్ది లీటర్ల ఆయిలు మీదే పడుతుంది. చాలా కార్లలో గేర్‌బాక్సు ఆయిలును చల్లబరిచేది ఇంజను కూలెంటే. కాబట్టి రేడియేటరులో కూలెంట్ తక్కువైతే గేర్‌బాక్సుకూ ముప్పే. కూలెంట్ మట్టం చూడటం, రేడియేటరు ముందు పేరుకున్న దుమ్మూ పురుగులూ మెల్లగా కడిగించడం సి.వి.టి. సంరక్షణలో భాగమే అని గుర్తించాలి.

ఆయిలే ప్రాణం

మామూలు ఆయిలు పని జారేటట్టు చేయడం. సి.వి.టి. ఆయిలు రెండు పనులు చేయాలి. బేరింగుల దగ్గర జారనివ్వాలి, బెల్టు దగ్గర పట్టు ఇవ్వాలి. అందుకే దాని తయారీ వేరు. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు రంగు చూసి “ఇదీ అదే కదా” అని పోస్తే బెల్టు జారడం మొదలవుతుంది. హోండాకు హెచ్.సి.ఎఫ్-2, నిస్సాన్‌కు ఎన్.ఎస్-3 అన్నట్లు ప్రతి కంపెనీ తన గేర్‌బాక్సుకు తగిన రకాన్ని కారు పుస్తకంలో రాస్తుంది. ఆ పేరు చూసే కొనాలి. డబ్బా మూత మీ కళ్ల ముందే తీయించాలి.

ఎప్పుడు మార్చాలి? కారు పుస్తకంలో రాసిందే మొదటి మాట. అయితే ఆ పుస్తకంలో రెండు లెక్కలు ఉండవచ్చు. ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠినమైన వాడకానికి. ఎక్కువ ఎండ, దుమ్ము, ట్రాఫిక్, ఘాట్ రోడ్లు, తరచు చిన్న చిన్న దూరాలు కఠినమైన వాడకం కిందికి వస్తాయి. మన దగ్గర చాలా కార్ల బతుకు ఈ రెండో లెక్కదే. అనుభవమున్న మెకానిక్‌లు 40 వేల నుంచి 60 వేల కిలోమీటర్ల మధ్య మార్పించమంటారు. “ఇది జీవితకాలపు ఆయిలు, మార్చనక్కరలేదు” అని ఎవరైనా చెబితే ఎవరి జీవితకాలం అని అడగాలి. వారంటీ ముగిసే దాకానా, మీరు అప్పు తీర్చి మరో పదేళ్లు నడుపుకునే దాకానా?

పెద్ద కంపెనీలకూ ఈ గేర్‌బాక్సు పరీక్ష పెట్టింది. అమెరికాలో నిస్సాన్ కంపెనీ 2003 నుంచి 2010 వరకు మోడళ్ల సి.వి.టి. వారంటీని 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్ల నుంచి 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పెంచవలసి వచ్చింది. 1,20,000 మైళ్లంటే సుమారు 1,93,000 కిలోమీటర్లు. దీన్నిబట్టి ఈ యంత్రం పనికిరానిదని అనుకోకూడదు. తయారీదారు కూడా వెనుక నిలబడి కాపాడవలసిన యంత్రమని అర్థం చేసుకోవాలి. మీ కారు వారంటీలో ఉంటే దాని షరతులు చదివి, సర్వీసింగు గడువు ఒక్కటి కూడా తప్పకుండా చూసుకోండి.

ఖర్చు లెక్క వేసుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారుకు 40,000 కిలోమీటర్లంటే 40 నెలలు. ఆయిలు మార్పించడానికి 6,000 రూపాయలు అవుతుందనుకుంటే నెలకు 150 రూపాయలు. నెలకు ఇంత అని పక్కన వేస్తే ఆ రోజు చేయి చాచక్కరలేదు.

ఆయిలు మార్చే పద్ధతి

మెకానిక్ పని నేర్చుకునే తమ్ముళ్లు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలి.

1) కింది డ్రైన్ బోల్టు విప్పితే ఆయిలంతా రాదు. టార్క్ కన్వర్టరులో, గొట్టాల్లో, వాల్వుల్లో చాలా భాగం మిగిలిపోతుంది. మొత్తం 7 లీటర్లలో 3.5 లీటర్లే వచ్చిందనుకుందాం. కొత్తది పోశాక లోపల సగం కొత్త ఆయిలు. కొంత నడిపి మళ్లీ ఒకసారి మారిస్తే 75 శాతం. మూడోసారికి 87.5 శాతం. అందుకే చాలాకాలం మార్చని కారుకు కొద్ది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు మార్చడం మంచిది.

2) బయటి యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగే పద్ధతి వద్దు. అడుగున పేరుకున్న పొడి లేచి వాల్వుల్లోకి చేరే ప్రమాదం ఉంది.

3) ఎంత ఆయిలు వచ్చిందో కొలిచి, ముందు అంతే పోయాలి. ఆ తర్వాత మట్టం సరిచూడాలి. చాలా సి.వి.టి.లకు కొలపుల్ల ఉండదు. ఇంజను నడుస్తుండగా, ఆయిలు కంపెనీ చెప్పిన వేడిలో ఉండగా, కారు సమతలం మీద ఉండగా మట్టం బోల్టు విప్పి చూడాలి. ఎక్కువైతే నురగ వస్తుంది, తక్కువైతే పంపు గాలి మింగుతుంది. రెండూ బెల్టుకు చేటే.

4) అడుగు పళ్లెం విప్పే అవకాశమున్న గేర్‌బాక్సులో అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిదలాంటి మెత్తటి పొడి ఉండటం సహజం. కంటికి కనిపించే ముక్కలు, రవ్వలు ఉంటే కారు యజమానికి చూపించి చెప్పాలి. ఫిల్టరు ఉంటే మార్చాలి. డ్రైన్ బోల్టు వాషరు కొత్తది వేయాలి.

5) కొన్ని కార్లలో ఆయిలు ఎంత చెడిందో కంప్యూటరు లెక్క రాసుకుంటుంది. కొత్త ఆయిలు పోశాక స్కానరుతో ఆ లెక్కను సున్నా చేయాలి.

6) తీసిన ఆయిలు మురికి కాలువలో పోయకూడదు. పాత ఆయిలు కొనేవారికి అప్పగించాలి.

నడిపేటప్పుడు పాటించవలసినవి

* ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే గట్టిగా రేస్ ఇవ్వకండి. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.

* ‘డి’ నుంచి ‘ఆర్’కు, ‘ఆర్’ నుంచి ‘డి’కి మార్చేముందు బ్రేకు నొక్కి కారును పూర్తిగా ఆపండి. వెనక్కి దొర్లుతుండగానే ‘డి’ వేయడం చాలామందికి అలవాటు. లోపలి క్లచ్‌లకు, బెల్టుకు అది దెబ్బ.

* వాలు మీద ఆగినప్పుడు రేస్‌తో కారును నిలబెట్టకండి. బ్రేకు నొక్కి ఉంచండి. రేస్‌తో నిలబెడితే కారు కదలదు కానీ లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది.

* ట్రాఫిక్‌లో అడుగు అడుగుకు పాకించకండి. ముందు కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి కదలండి. చిన్న సిగ్నలు దగ్గర ‘డి’లోనే బ్రేకు మీద ఉండవచ్చు.

* బురదలో, ఇసుకలో చక్రం గిర్రున తిరుగుతుంటే రేస్ పెంచకండి. జారుతున్న చక్రం ఒక్కసారిగా గట్టి నేల పట్టుకుంటే ఆ దెబ్బ నేరుగా బెల్టుకు తగులుతుంది. దిగి చక్రం కింద రాళ్లో, పలకో వేసి నెమ్మదిగా బయటికి తీయండి.

* పార్కింగు చేసేటప్పుడు బ్రేకు నొక్కి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తర్వాతే ‘పి’లో పెట్టండి. లేకపోతే కారు బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది.

* పెట్రోలు ఆదా అని దిగుడు మీద ‘ఎన్’లో వదలకండి. ఇంజను ఆపుదల పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. గేర్‌బాక్సుకూ మేలు లేదు.

ఘాట్ రోడ్ల మీద

నల్లమలలో శ్రీశైలం దారి, తిరుమల కొండ, అరకు వెళ్లే అనంతగిరి మలుపులు మనవాళ్లు తరచు నడిపే ఘాట్లు. ఎక్కేటప్పుడు రేస్ పూర్తిగా తొక్కిపెట్టి ఉంచకుండా, ఇంజను శబ్దం ఒక స్థాయిలో నిలిచేలా నడపాలి. కారు నిండా మనుషులు, పైన సామాను ఉంటే మధ్యలో ఒకచోట సురక్షితంగా ఆపి పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వడం మంచిది. దిగేటప్పుడు ‘ఎల్’ గానీ, ‘ఎస్’ గానీ, మీ కారులో ఏది ఉంటే అది వాడండి. పుల్లీలు తక్కువ గేరు స్థితికి వచ్చి ఇంజనే కారును పట్టి ఉంచుతుంది. బ్రేకులు కాలిన వాసన రాకుండా కిందికి చేరతారు. ఇది ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

కారు ఆగిపోతే, నీళ్లలో మునిగితే

సి.వి.టి. కారును నెట్టి స్టార్ట్ చేయడం కుదరదు. ఇంజను తిరిగితేనే పంపు, పంపు తిరిగితేనే పట్టు అని ముందే చెప్పుకున్నాం. అదే కారణంగా తాడు కట్టి లాక్కుపోవడం ప్రమాదం. ఇంజను ఆగి ఉంటే పంపు ఆయిలు పంపదు. చక్రాలు మాత్రం లోపలి భాగాలను ఆయిలు అందకుండా తిప్పుతూ ఉంటాయి. కారు మొత్తాన్ని బండి మీదికి ఎక్కించే క్రేను పిలవాలి. అది దొరక్కపోతే ఇంజను బలం అందుకునే చక్రాలను, అంటే మనం చెప్పుకున్న కార్లలో ముందు చక్రాలను, నేల నుంచి పైకి లేపి తీసుకుపోవాలి.

2020 అక్టోబరులో హైదరాబాదు వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరద ఎన్ని కార్లను ముంచాయో చూశాం. గేర్‌బాక్సుకు గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు అక్కడి దాకా వస్తే లోపలికి చేరతాయి. మునిగిన కారును స్టార్ట్ చేసి చూడకూడదు. మొదట ఇంజను ఆయిలు, గేర్‌బాక్సు ఆయిలు తీసి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసినట్టే. వరదలో మునిగి, తుడిచి, మెరిపించి అమ్మకానికి వచ్చే కార్ల విషయంలో జాగ్రత్త!

రోగ లక్షణాలు

ఈ కింది వాటిలో ఏది కనిపించినా వాయిదా వేయకండి.

- 20 నుంచి 40 కిలోమీటర్ల వేగం మధ్య సన్నగా వణకడం.
- ‘డి’ గానీ ‘ఆర్’ గానీ వేశాక పట్టు అందుకోవడానికి ఆలస్యం, ఆ తర్వాత జర్కు.
- ఇంజను చుట్లు పెరుగుతున్నా వేగం పెరగకపోవడం.
- వేగంతో పాటు పెరిగే సన్నటి కూత లేదా గరగర శబ్దం.
- ఎండలో ఎక్కువసేపు నడిపాక పికప్ పూర్తిగా పడిపోయి, చల్లారాక మళ్లీ రావడం. ఇది తనను తాను కాపాడుకోవడానికి కంప్యూటరు బలాన్ని తగ్గించడం కావచ్చు.
- గేర్‌బాక్సు దీపం వెలగడం, కారు కింద ఆయిలు చుక్కలు.

వణుకు కనిపించగానే “గేర్‌బాక్సు మార్చాలి” అనేవారి మాట వెంటనే నమ్మనక్కరలేదు. ముందు స్కానరుతో లోపాల లెక్క చూడాలి. ఆయిలు మట్టం, రంగు, వాసన చూడాలి. బ్యాటరీ బలహీనమైనా, ఇంజను మౌంటింగులు పోయినా, ప్లగ్గు సరిగ్గా మండకపోయినా ఇలాంటి వణుకే వస్తుంది. తక్కువ ఖర్చు కారణాలన్నీ తేలాకే పెద్ద ఖర్చు దగ్గరికి వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు

ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, మీ ముందే స్టార్ట్ చేయించండి. ముందే వేడెక్కించి ఉంచిన బండి కొన్ని లోపాలను దాచిపెడుతుంది. బ్రేకు మీద ఉండి ‘డి’, ‘ఆర్’ మార్చి పట్టు ఎంత త్వరగా అందుతుందో చూడండి. వాలు మీద ఆపి కదిలించండి. నెమ్మదిగా, ఆ తర్వాత వేగంగా, మొత్తం కనీసం అరగంట నడపండి. వేడెక్కాక మళ్లీ మొదటి పరీక్షలన్నీ చేయండి. గేర్‌బాక్సు ఆయిలు మార్చిన బిల్లు అడగండి. “మార్పించాం” అన్న మాట వేరు, బిల్లు వేరు. స్కానరు ఉన్న మెకానిక్‌కు ఇచ్చే కొద్ది డబ్బుకు వెనుకాడి లక్షల రూపాయల అప్పు నెత్తిన వేసుకోవద్దు.

డ్రైవరు సోదరులకు ఒక మాట

కారు మీది కాకపోయినా దాని చరిత్ర మీ చేతిలో ఉండాలి. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, చేయించిన పని, వాడిన ఆయిలు పేరు, బిల్లు నంబరు, మీరు గమనించిన లక్షణం, యజమానికి ఏ రోజు చెప్పారు అన్నవి రాయండి. “ఫలానా తేదీన వణుకు వస్తోందని చెప్పాను సార్, ఇదిగో రాసి ఉంది” అన్న ఒక్క వాక్యం మీ జీతాన్ని, మీ మర్యాదను కాపాడుతుంది. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు. రాసి పెట్టుకున్నది నిలుస్తుంది. అక్షరం నేర్చుకున్నందుకు ఇంతకన్నా మంచి వాడకం ఏముంటుంది?

మన స్కూటరు సంగతి

కారు లేనివారికీ ఈ పాఠం ఉపయోగపడాలి. స్కూటరు బెల్టు పొడిగా ఉండాలి. కారు బెల్టు ఆయిలులో తిరగాలి. ఈ తేడా మరిచి స్కూటరు బెల్టు కూత పెడుతోందని ఆయిలు పోస్తే అది జారిపోతుంది. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు బెల్టు మార్పించండి, రోలర్ల అరుగుదల చూపించండి. వెనుక చక్రం దగ్గర ఉండే గేరు ఆయిలు కొద్ది మిల్లీలీటర్లే అయినా గడువుకు మార్పించండి. బ్రేకు పట్టుకుని రేస్ ఇచ్చే అలవాటు మానండి. తెగేముందు బెల్టు అంచుల్లో పీచు లేస్తుంది, పగుళ్లు కనిపిస్తాయి. రాత్రి పూట ఊరి బయట బెల్టు తెగితే ఎంత ఇబ్బందో, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే చెల్లెళ్లకు, మేము చెప్పనక్కరలేదు.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ట్రేడు ఒక ఏడాది ఉంటాయి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా ఉంది. ఇంజను విప్పగలవారు ప్రతి వీధిలో ఉన్నారు. స్కానరు చదివి, ఆయిలు ఒత్తిడి కొలిచి, సి.వి.టి.ని ఓపికగా పరిశీలించి కారణం చెప్పగలవారు తక్కువ. తక్కువ ఉన్నచోటే విలువ ఎక్కువ. ఈ పనికి భుజబలం కన్నా లెక్క, శుభ్రత, ఓపిక ముఖ్యం. కాబట్టి ఇది అమ్మాయిలకూ తగిన పనే.

చివరగా ఐదు ప్రశ్నలు. పుస్తకం మూసి, స్టడీ అవరులో ఒకరినొకరు అడుగుకోండి.

1. ఒక పుల్లీ మూసుకుంటే రెండోది ఎందుకు తెరుచుకోవాలి?
2. సి.వి.టి. కారును నెట్టి ఎందుకు స్టార్ట్ చేయలేం?
3. 8 లీటర్లు పట్టే గేర్‌బాక్సులో ఒక్కోసారి 4 లీటర్లే వస్తే, రెండుసార్లు మార్చాక పాత ఆయిలు ఎంత మిగులుతుంది?
4. కూలెంట్ తగ్గితే గేర్‌బాక్సుకు ఎందుకు ముప్పు?
5. స్కూటరు బెల్టుకూ, కారు బెల్టుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?

వీటికి జవాబులు చెప్పగలిగిన రోజు మీరు ఏ షెడ్డు ముందు నిలబడినా, ఏ యజమాని ముందు నిలబడినా తల వంచుకోనక్కరలేదు. సరైన ఆయిలు, సరైన గడువు, సరైన అలవాటు. ఈ మూడూ ఉంటే సి.వి.టి. లక్ష కిలోమీటర్లు దాటినా నమ్మకంగా నడుస్తుంది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మోటారు రంగంలో ఉన్న మీ పూర్వ విద్యార్థులు